మాస్టారి జోనంగి కూసింది

పోయిన మంగళవారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లో నేను పనిచేసే సౌండ్ స్టూడియోలో, హీరో మెట్లు దిగే సీన్‌కు బూట్ల చప్పుడు వేస్తూ ఉండగా ఫోన్ మోగింది. మాస్టారి కూతురు.

"నాన్నగారు వెళ్ళిపోయారు. టీ తాగి కుర్చీలో వెనక్కి వాలారు, అంతే," అంది. తర్వాత ఆమే అంది: "నువ్వు తొందరగా రా. రొయ్య వాకిట్లో గొయ్యి తవ్వుతోంది. వచ్చినవాళ్ళు అపశకునం, కట్టెయ్యండి అంటున్నారు. ఈ పూట నేను ఎవరికని చెప్పను?"

రొయ్య అంటే కుక్క. జోనంగి జాతి కుక్క. మాస్టారంటే సినిమాలకు కుక్కల్ని తర్ఫీదు చేసే మనిషి. మన సినిమావాళ్ళకు ఫైట్ మాస్టర్లు, డాన్స్ మాస్టర్లు ఉన్నట్టే ఈయన కుక్కల మాస్టారు. ఆయన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. యూసుఫ్‌గూడలో కూరగాయల బండివాడి దగ్గర్నుంచి జూబిలీహిల్స్ బంగళాల దాకా అందరికీ ఆయన మాస్టారే.

నేను వెళ్ళేసరికి గల్లీ నిండా జనం. నిజంగానే రొయ్య మట్టి తోడుతోంది. ఎవరో పెద్దమనిషి తాడు పట్టుకుని ముందుకొచ్చాడు. అంతలో మాస్టారి ఇంటి ఓనరమ్మ కొంగు నడుముకు దోపుకుని అడ్డం నిలబడింది.

"ఏయ్, దాన్ని ముట్టుకున్నరంటే బాగుండదు చెప్తున్న! అది జోనంగి. పండుకునేటందుకు గుంత తవ్వుకుంటది. దాని తాతలకాడికెళ్ళి గదే అలవాటు. గింత కూడ తెల్వదా మీకు?"

ఆ మాట వినగానే ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. నాలుగేళ్ళ కిందట ఇదే ఓనరమ్మ, ఇదే గొయ్యి చూసి, "గీడ బొంద తవ్వుతున్నదేంది మాస్టారూ? మీరన్న ఉండుర్రి, కుక్కన్న ఉండాలె," అని ఇల్లు ఖాళీ చెయ్యమంది.

మాస్టారు ఇల్లు ఖాళీ చెయ్యకుండానే గెలిచారు. ఇది ఎలా జరిగిందో మీకు చెప్పాలనే కూర్చున్నాను.

నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. నేను పుట్టింది యూసుఫ్‌గూడలోనే. కాలేజీ మధ్యలో మానేశాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పుస్తకాల కుప్పల్లో దొరికే కరపత్రాలే నా చదువు. కూలి రేట్ల మీద, నాటు విత్తనాల మీద, నీళ్ళ మీద, భాష మీద ఎవరు ఏం అచ్చేసినా చదివేదాన్ని. చదివిన మర్నాడే ఎవరితోనో కొట్లాడేదాన్ని. అలా ఒకనాడు దేశీ పశువుల మీద ఎవరో రాసిన చిన్న పుస్తకంలో జోనంగి అనే పేరు కనబడింది. కొల్లేటి చుట్టుపక్కల బాతుల్ని కాసే కుక్క, తరిగిపోతోంది అని ఉంది. అంతే, నా రక్తం మరిగింది. ఒక పేజీ కరపత్రం రాసి, జిరాక్స్ తీయించి, కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్ళు చేరే టీ కొట్టు దగ్గర పంచాను. అందులో పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "జోనంగి మొరిగితే దొంగల గుండెలు పగులుతాయి! విదేశీ కుక్కలను తరిమికొడదాం!"

ఆ సాయంత్రం ఒక సన్నటి పెద్దాయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. తెల్ల చొక్కా, చెవి వెనక వడ్రంగులు పెట్టుకునే ఎర్ర పెన్సిలు. పక్కన ఎర్రమట్టి రంగు కుక్క. నున్నటి వెంట్రుక, నుదుటి మీద ఏదో ఆలోచిస్తున్నట్టు ముడతలు.

"ఇది రాసింది నువ్వేనా అమ్మాయ్?"

"అవు, నేనే. ఏం, తప్పుందా అండ్ల?"

"రెండున్నాయి. ఒకటి ఇప్పుడు చెప్తాను. రెండోది నీకే తెలుస్తుందిలే." పెన్సిలు తీసి 'మొరిగితే' అన్న మాటను కొట్టేశారు. "జోనంగి మొరగదమ్మా. నువ్వెప్పుడైనా దాన్ని చూశావా?"

"పుస్తకంల చదివిన."

"అయితే ఇప్పుడు చూడు. ఇదిగో, నీ పక్కనే ఉంది."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. గంటసేపటి నుంచి ఆ కుక్క అక్కడే ఉంది. దాన్ని వీధి కుక్క అనుకుని నేనే ఒకసారి "హుష్" అన్నాను.

తర్వాత ఆయన నేనేం పని చేస్తానని అడిగారు. సినిమాలకు చప్పుళ్ళు వేస్తానన్నాను. తలుపులు, గాజులు, వాన, కుక్కలు.

"ఓహో! అయితే మా రొయ్యకి అల్సేషియన్ గొంతు పెట్టింది నువ్వేనన్నమాట," అని నవ్వారు.

కోపం లేని ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది. నిజం. మా స్టూడియో కంప్యూటర్‌లో కుక్క అరుపులన్నీ ఎక్కడో ఎవరో రికార్డు చేసిన అల్సేషియన్లవి. తెర మీద ఏ కుక్క నోరు తెరిచినా అందులోంచి ఒకటి తీసి అతికించేదాన్ని. పొద్దున కరపత్రంలో స్వదేశీ నినాదం, మధ్యాహ్నం జోనంగి నోట్లో జర్మనీ అరుపు. రెండేళ్ళుగా నేను చేసిన పని అదే, తెలియకుండానే.

మాస్టారిది కొల్లేటి ఒడ్డున బాతులు కాసే కుటుంబం. ఏదో సినిమాలో బాతుల మంద కావలసి వస్తే, బాతుల్నీ, ఒక కుక్కనూ లారీలో వేసుకుని హైదరాబాద్ వచ్చారట. "షూటింగ్ అయ్యాక బాతులు ఊరికెళ్ళిపోయాయి. నేనూ కుక్కా ఉండిపోయాం," అనేవారు. ఆ కుక్క మనవరాలి మనవరాలే రొయ్య. ఆయన తన జోనంగులకు చేపల పేర్లే పెట్టేవారు. జెల్ల, పరిగె, బొమ్మిడాయి. కృష్ణానగర్ నడిబజారులో "బొమ్మిడాయీ, ఇటు రా!" అని ఆయన కేకేస్తే, సంచీ పట్టుకుని చేపలు కొందామని తలుపులు తీసినవాళ్ళున్నారు.

రోజూ కుక్కలకు అన్నం, చేప తలకాయలు కలిపి పెట్టే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవారు. అది అయ్యేదాకా రొయ్య గిన్నె ముట్టేది కాదు. "నేను నేర్పలేదమ్మా. పెద్దాయన ఏదో పనిలో ఉన్నాడులే అని ఆగుతుంది," అనేవారు.

సినిమాల్లో రొయ్యకు దొరికేవి మాత్రం అన్నీ ఒకే రకం వేషాలు. చెత్తకుండీ దగ్గర కుక్క, విలన్ తన్నే కుక్క, పిచ్చి కుక్క. షూటింగ్ కాగితాల మీద మేనేజర్లు 'కుక్క, లోకల్' అని రాసేవాళ్ళు. అది చూసి నేను ఎగిరిపడితే, మాస్టారు చెవి వెనక పెన్సిలు తీసి 'లోకల్' కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'జోనంగి' అని రాసి తిరిగి ఇచ్చేవారు. ప్రతిసారీ. ముప్పై ఏళ్ళుగా కొట్టేస్తూనే ఉన్నారట. ఒక్క మేనేజరైనా రెండోసారి సరిగా రాసిన పాపాన పోలేదు.

నా కరపత్రంలో రెండో తప్పేమిటో మే నెలలో తెలిసింది. జూబిలీహిల్స్‌లో ఒక పెద్ద ఇంటికి మాస్టారు తోడు రమ్మంటే వెళ్ళాను. అక్కడ ఒక హస్కీ కుక్క, మంచు దేశపుది, పాలరాతి మీద పొట్ట ఆనించి ఆయాసపడుతోంది. కరెంటు పోయి ఏసీ ఆగిపోయిందట. మాస్టారు తడి తువ్వాలు దాని మెడ కింద పెట్టి, ఐసుముక్కతో అరికాళ్ళు రుద్దుతూ నా వైపు చూశారు.

"దీన్ని తరిమికొడదామా అమ్మాయ్? ఎటువైపు తరమమంటావో చెప్పు."

ఆ రాత్రే మిగిలిన కరపత్రాలన్నీ చింపేశాను.

రొయ్యకు ఐదేళ్ళు నిండుతున్నాయి. దానికి జోడు దొరకలేదు. మాస్టారు ఊళ్ళకు ఫోన్లు చేశారు, తెలిసినవాళ్ళను పంపారు. కొందరి దగ్గర ఉన్నవి ఇతర కుక్కలతో కలిసిపోయాయి. మరికొందరు తమ దగ్గరున్నది జోనంగి అని వాళ్ళకే తెలియక, 'ఏదో ఊరకుక్క' అని ఫోన్ పెట్టేసేవాళ్ళు. "ఎక్కడో ఉండే ఉంటుందమ్మా. దాని పేరు దాని యజమానికే తెలీదు. మనం ఎవర్ని అడగాలి?" అన్నారు ఒకరోజు. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దీని గొంతు దీని నోట్లోంచే సినిమాలో వినబడితే చాలు. విన్నవాడు గుర్తుపడతాడు. ఆ గొంతు ఇంక దేనికీ లేదు."

నేను రొయ్య గొంతు అప్పటికి ఒక్కసారీ వినలేదు. బాతుల మధ్య మొరిగే కుక్క పనికిరాదు. బాతులు బెదిరి చెదిరిపోతాయి, గుడ్లు మానేస్తాయి. అందుకే తరతరాలుగా జోనంగి నోరు మూసుకుని, మంద చుట్టూ గుండ్రంగా తిరిగే పని నేర్చుకుంది. మందలోంచి ఒకటి తప్పిపోతే మాత్రం మెడ ఎత్తి పిలుస్తుంది. దాన్ని మాస్టారు 'కూత' అనేవారు. ఎవరైనా అరుపు అంటే ఒప్పుకునేవారు కాదు.

పోయిన ఏడాది అవకాశం వచ్చింది. బాతులు కాసే ఒక ఆడమనిషి కథ, కొత్త దర్శకుడు. కొల్లేటి పక్కనే షూటింగ్. రొయ్యది సినిమా మొత్తం ఉండే వేషం. ఎఫెక్ట్స్ పని మా స్టూడియోకే వచ్చింది. మొదటిసారి ఆ రీలు చూస్తూ బిగుసుకుపోయాను. తెర మీద రొయ్య కూస్తోంది. కానీ షూటింగ్‌లో పట్టిన సౌండ్ నిండా జనరేటర్ మోత, "అటు జరగండి బాబూ" అన్న కేకలు. ఆ కూతను విడిగా, శుభ్రంగా రికార్డు చెయ్యాలి.

రొయ్యను స్టూడియోకు తెచ్చాం. అది ఏసీ గదిలో మైకు వాసన చూసి, కార్పెట్ గోకి గొయ్యి తవ్వబోయింది. మా ఇంజనీర్ లబోదిబోమన్నాడు. గంటసేపు ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. మాస్టారు మూల స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నారు.

"బాతుల్లేకుండా ఎవర్ని పిలుస్తుందమ్మా?"

"మరి ఇప్పుడు బాతులు యాడ దొరుకుతయి మాస్టారూ?"

"నేనున్నానుగా."

మైకు గేటు దగ్గర పెట్టించారు. రొయ్యను నా చేతికిచ్చి, వెనక్కి చూడకుండా ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టారు. ఆయన వీపు మలుపు తిరిగి కనబడకుండా పోయిన క్షణంలో, నా చేతి కింద రొయ్య మెడ బిగుసుకుంది. గొంతు ఎత్తింది. సన్నగా మొదలై, మధ్యలో రెండు మెట్లెక్కి, చివర్లో వంపు తిరిగి దిగే కూత. హెడ్‌ఫోన్స్‌లో వింటున్న నాకు ఒళ్ళంతా గగుర్పాటు. మలుపు దగ్గర మాస్టారి తల మళ్ళీ కనబడింది. "వచ్చేశానే తల్లీ, వచ్చేశా!" అని అక్కడి నుంచే కేకేశారు. ఆ కేక కూడా రికార్డయింది. దాన్ని నేను చెరపలేదు.

అసలు గొడవ ఆ తర్వాత. మిక్సింగ్ చూడ్డానికి వచ్చిన నిర్మాత కూత వినగానే మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా? గొంతు పోయిన కుక్కని తెచ్చారా? మామూలుగా మొరిగించండి."

"అది జోనంగి సార్. మొరగది."

"కుక్క మొరగకపోతే అది కుక్కని జనానికెలా తెలుస్తుంది?"

"జనానికి తెల్వదని మీరెట్ల చెప్తరు? తెల్వనిచ్చిన్రా మీరు ఇన్నేండ్ల సంది?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. నన్ను గది బయటికి పంపారు.

తిన్నగా మాస్టారి దగ్గరికి పోయి, స్టూడియో గేటు ముందు కూర్చుంటాను, నిర్మాత మీద కరపత్రం వేస్తాను అన్నాను. దారిలోనే సగం రాసేశాను కూడా. ఆయన అది మొత్తం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"బాగా రాశావు. తప్పుల్లేవు," అన్నారు. "కానీ నువ్వు మంద మధ్యలోకి దూకే కుక్కలా ఉన్నావమ్మా. దూకావంటే ఒక్క బాతు నీ మాట వినదు. చుట్టూ తిరుగు. అవి వెళ్ళాల్సిన వైపు మాత్రం ఖాళీగా వదులు. వాటంతటవే నడుస్తాయి."

ఆ రాత్రంతా ఆ మాట నమిలాను. మర్నాడు నిర్మాతకు క్షమాపణ చెప్పి, పది నిమిషాలు అడిగాను. మొదట ఆయన కోరినట్టే అల్సేషియన్ అరుపు వేసి సీన్ చూపించాను. హాలు దద్దరిల్లేలా భౌ భౌ. తెర మీద బాతులు మాత్రం నింపాదిగా, పేరంటానికి వెళ్ళే ముత్తైదువుల్లా వయ్యారంగా నడుస్తున్నాయి. వెనక కూర్చున్న దర్శకుడు కిసుక్కున నవ్వాడు. నిర్మాతకూ నవ్వొచ్చింది. నేనొక్క మాట కూడా అనలేదు. రెండోసారి రొయ్య కూత వేశాను. కూత మెట్టెక్కిన చోట తెర మీద బాతులన్నీ ఒక్కసారిగా మెడలు తిప్పాయి. పక్కకు వెళ్ళిన ఒంటరి బాతు ఆగి, తిరిగి, గబగబా మందలోకి నడిచింది.

నిర్మాత కుర్చీలో ముందుకు జరిగారు.

"బాతులకు తెలుసన్నమాట," అన్నారు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఇదే ఉంచండి. టైటిల్స్‌లో కుక్క జాతి పేరు కూడా వెయ్యండి. ఏదో అన్నారే... రాసివ్వండమ్మా," అన్నారు.

రాసిచ్చింది మాస్టారు. ఎర్ర పెన్సిలుతో.

సినిమా మొదటి రోజు మా గల్లీ గల్లీ అంతా వెళ్ళాం. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్య వరుసలో కూర్చున్నారు. కూత రాగానే ముందు వరుసల్లో నవ్వులు. లేచి తిట్టబోయాను, ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. బాతులు మెడలు తిప్పాయి. నవ్వులు ఆగాయి. తర్వాత ఈలలు! కథ చివర్లో తప్పిపోయిన యజమానురాలి కోసం రొయ్య మళ్ళీ కూసినప్పుడు హాల్లో ఒక్కరు కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో మాస్టారి ఓనరమ్మ గొంతు ఖంగుమంది: "మా ఇంట్ల కిరాయికి ఉంటదది!"

మాస్టారు తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నారు. నవ్వుకో ఏడుపుకో నాకు తెలీదు.

మూడో వారంలో ఒక బాతుల కాపరి ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. "అయ్యా, సినిమాలో కూసిందే, అచ్చం అలాగే కూసే కుక్క మా దగ్గరుందండీ. మగది. దాన్ని జోనంగి అంటారని మాకు తెలీదండీ." మాస్టారు ఫోన్ పెట్టి, చొక్కా గుండీలు తప్పు వేసుకుని, వెంటనే రొయ్యతో బస్టాండుకు బయల్దేరారు. నేను గుండీలు సరిచేసి, కారు మాట్లాడాను.

పిల్లలు నాలుగు పుట్టాయి. అడగడానికి వచ్చినవాళ్ళు గల్లీ చివరి దాకా. మాస్టారు అందరినీ ఒకటే అడిగేవారు: "మీ ఇంట్లో మట్టి ఉందా?" యూసుఫ్‌గూడ అంతా సిమెంటు పోస్తున్నప్పుడు కాంట్రాక్టరును బతిమాలి తన వాకిట్లో మూడడుగుల మట్టి మిగిల్చుకున్న మనిషాయన. మట్టి లేదన్నవాళ్ళకు టీ ఇచ్చి పంపేసేవారు. మా నిర్మాతనూ అలాగే పంపేశారు. ఆయన జూబిలీహిల్స్ ఇంటి ముంగిట్లో రాళ్ళు పగలగొట్టించి, మట్టి పోయించి, ఫోటో తీసుకుని మళ్ళీ వచ్చారు. మాస్టారు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో అడుగు లోతు తవ్వించండి, పిల్ల పెద్దదవుతుంది కదండీ," అన్నారు. తవ్వించారు! పిల్లల్ని ఇంకో వారంలో ఇద్దామనుకున్నారు. అంతలో మంగళవారం వచ్చింది.

ఆ సాయంత్రం పాస్టరుగారు ప్రార్థన ముగించాక, మాస్టారి జేబులో ఎర్ర పెన్సిలు పెట్టింది ఆయన కూతురు. జనం భక్తిపాట అందుకున్నారు, మాస్టారి పెట్టె ఎక్కించిన బండి కదిలింది. రొయ్య అప్పటిదాకా తన గోతిలోనే పడుకుంది, ముడతల నుదురు మాత్రమే కనబడుతోంది. బండి గల్లీ మలుపు తిరిగి కనుమరుగైంది. రొయ్య లేచింది. ఒళ్ళంతా విదిలించుకుంది. మెడ ఎత్తి కూసింది.

జనం పాట ఆపేశారు. నా దగ్గర మైకు లేదు, ఉన్నా తియ్యలేను. రోడ్డు మీద పోతున్న బైకు ఒకటి సడన్‌గా ఆగింది. ముందు కూర్చున్నవాడు, మాకెవరికీ తెలియనివాడు, వెనకవాడితో అన్నాడు:

"అరేయ్, విన్నవా? జోనంగిరా అది."

కుక్క అనలేదు. లోకల్ అనలేదు.

రొయ్య మళ్ళీ కూసింది. ఈసారి ఒక్కటే కాదు. దాని కాళ్ళ మధ్య నుంచి, మూడడుగుల మట్టిలో తాము కొత్తగా గోకిన అరచేతులంత గోతుల్లోంచి, నాలుగు పిల్లలూ అంతవరకూ ఎన్నడూ ఎత్తని గొంతులెత్తి, సగం మెట్టు దాకా ఎక్కి జారిపోతూ, మలుపు వైపు చూస్తూ పిలిచాయి.